ఎవరొస్తే వాళ్ల పుస్తకాలు

డెర్వ్లా వంటింటి గోడ మీద ఐదు ఆకుపచ్చ చతురస్రాలున్నాయి. ఐదూ ఐదు రకాల ఆకుపచ్చలు. ఏది నప్పుతుందో చూసి గోడంతా వేద్దామని నాలుగేళ్ల కిందట పూసిన నమూనాలవి. గోడ ఇప్పటికీ అలాగే ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ బాంట్రీ ఊళ్లో పన్నెండేళ్లు రంగుల దుకాణంలోనే పనిచేసింది. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, వాళ్లింటి కిటికీ ఏ దిక్కుకుందో కనుక్కుని, "మీకిదే" అని డబ్బా చేతిలో పెట్టేసేది. దాన్ని వెనక్కి తెచ్చినవాడు లేడు. ఊరందరికీ ఎంచిపెట్టిన మనిషికి తన గోడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడదు. ఏం చేస్తాం, తత్వం.

పాల ట్యాంకరు నడిపే ఫిన్‌బార్ పెళ్లి చేసుకుందామని అడిగితే సరేననడానికి ఆవిడకి మూడేళ్లు పట్టింది. "నా కొడుకు జవాబు కోసం ఎదురుచూస్తుండగానే ఒక ట్యాంకరు అరిగి పాత ఇనుముకి పోయింది" అని అత్తగారు నోరీన్ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కూతురు పుట్టినప్పుడు పేరు నమోదుకి మూడు నెలల గడువుంటే, ఎనభై తొమ్మిదో రోజున, ఆఫీసు తలుపు మూయడానికి పది నిమిషాల ముందు, నెసా అని రాయించింది. బయటికొచ్చి కారెక్కుతూ, ఇంకో పేరు కూడా బాగానే ఉండేదేమో అంది. ఫిన్‌బార్ ఆవిడ మొహం చూడకుండా కారు తీశాడు.

అలాంటి మనిషి చేతిలో పిల్ల చదువు పడింది.

కావాలని పెట్టుకున్నదేం కాదు. నెసాని ఐదో ఏట ఊళ్లో బడికి పంపారు. ఆ టీచరమ్మ బంగారంలాంటి మనిషి, బడిని ఒక్క మాట అనడానికి లేదు. కానీ ఇంట్లో కోళ్లతో కూడా కబుర్లు చెప్పే పిల్ల, బడిలో ఉన్న పదకొండు రోజులూ నోరు విప్పలేదు. పేరడిగితే చెప్పలేదు. పక్కపిల్ల మిఠాయి ఇస్తే పుచ్చుకుంది గానీ పలకలేదు. పదకొండో రోజున బాత్రూముకి వెళ్తానని అడగలేక, కూర్చున్నచోటే తడిపేసుకుని, ఇంటికి వచ్చేదాకా ఆ తడిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆ చిన్న గౌను ఉతుకుతూ డెర్వ్లా వెక్కివెక్కి ఏడ్చింది. పన్నెండో రోజున పంపలేదు. జీవితంలో ఆవిడ ఒక్క క్షణంలో తేల్చుకున్న విషయం ఇదొక్కటే.

నోరీన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఆ బడిలో, ఆ గదిలోనే, చిన్నపిల్లల తరగతికి ముప్పై ఎనిమిదేళ్లు చదువు చెప్పి రిటైరైంది.

"ఊరందరి పిల్లలకీ పనికొచ్చిన గది నా మనవరాలికి పనికిరాలేదన్నమాట! సరేనమ్మా, నువ్వే చెప్పు. ఏ పుస్తకంతో చెబుతావో అదీ చూస్తాను."

అక్కడే చిక్కొచ్చింది. ఏ పుస్తకంతో?

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే వాళ్లలో డెర్వ్లా అడగని తల్లి లేదు. ఒకావిడ, ముందు శబ్దాలు నేర్పే అభ్యాస పుస్తకాలు పెట్టించమంది, ఆరు భాగాలు. డెర్వ్లా ఆరూ కొంది. మొదటిది తెరవబోతుండగా ఇంకొకావిడ, అభ్యాస పుస్తకాలతో పిల్లకి చదువంటేనే విరక్తి పుడుతుంది, ముందు ఆకులూ పిట్టలూ గీయించమంది. ఆ పుస్తకాలూ వచ్చాయి. మరొకావిడ, అవన్నీ తరవాత, ముందు చెక్క అక్షరాలు తడిమించమంది. చెక్క అక్షరాలు వచ్చాయి, వాటిమీద కప్పడానికి పట్టు గుడ్డతో సహా. ఇవన్నీ విసిగి వదిలేసిన తల్లుల దగ్గర కొన్న పాత సరుకే. వదిలేసినవాళ్లంతా తాము వదిలేసినదాన్ని ఆకాశానికెత్తి మరీ అమ్మారు, అదో విచిత్రం. డెర్వ్లా ఒకటి మొదలుపెడదామని కూర్చునేసరికి, అంతకంటే మంచిది ఇంకోటుందని తెలిసేది. అంతకంటే మంచిది ఉందని తెలిశాక మామూలుదానితో ఏ తల్లి మొదలుపెడుతుంది చెప్పండి? అలా ఏడాదిన్నర గడిచింది. ఇంట్లో పుస్తకాలు రెండొందలు దాటాయి. పాఠం మాత్రం ఇవాళో రేపో మొదలు కాబోతూనే ఉంది.

పోనీ ఆ పుస్తకాలైనా ఒకచోట స్థిరంగా ఉన్నాయా అంటే, అదీ లేదు.

మంగళవారం మంగళవారం ఇంటిచదువు పిల్లల తల్లులంతా పిల్లల్ని వేసుకుని ఎవరో ఒకరింట్లో కలుస్తారు. వాళ్లకి పెద్దదిక్కు సాస్కియా, ఇరవై ఏళ్ల కిందట హాలండ్ నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఆవిడ తొమ్మిదేళ్ల కొడుకుకి చదవడం రాదు గానీ వానలో కూడా మంట రాజేస్తాడు. డెర్వ్లా ఇంట్లో అభ్యాస పుస్తకాలు మొదటిసారి కంటపడ్డప్పుడు సాస్కియా గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో తల్లీ, గళ్లలో రాయిస్తావా దీనిచేత? బడిని గుమ్మంలోంచి గెంటేసి కిటికీలోంచి పిలుస్తున్నావే!"

ఆ తర్వాత నుంచి ప్రతి సోమవారం సాయంత్రం అభ్యాస పుస్తకాలన్నీ వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరలోకి, తువ్వాళ్ల వెనక్కి వెళ్లేవి. ముందుగది అరమీద చెక్క అక్షరాలు, పట్టు గుడ్డ, గవ్వలు, ఎండిన నాచు వెలిసేవి. శనివారం సాయంత్రం మళ్లీ తిరగబడేది. ఆదివారం చర్చి అయ్యాక నోరీన్ టీకి వస్తుంది కదా, గవ్వలు కనబడితే, "ఇదేనా చదువు? సముద్రం ఒడ్డుకెళ్తే ఊరకే దొరుకుతుందే" అంటుంది. అందుకని గవ్వలు తువ్వాళ్ల వెనక్కి, అభ్యాస పుస్తకాలు అరమీదికి.

ఈ సర్దుడులో నెసా తల్లికి కుడిభుజం. ఏవి ఎవరికో పిల్లకి కంఠతా వచ్చేసింది. "అమ్మా, ఇది సాస్కియాది, నానమ్మ కూర్చునే గదిలో ఉండిపోయింది" అని పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చేది. పిల్ల చేతికందొచ్చిందని డెర్వ్లా మురిసిపోయేది.

నవంబరులో ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. నెసాకి ఆరు నిండాయి కాబట్టి ఇంటిచదువు నమోదు చేయించుకోవాలి. గురువారం పదకొండింటికి డెక్లన్ టుయీ అనే పరిశీలకుడు వచ్చి, పుస్తకాలు చూసి, పిల్లతో మాట్లాడి, ఔనో కాదో తేలుస్తాడు. కాదంటే నెసా మళ్లీ బడికి వెళ్లాలి. డెర్వ్లాకి ఆ తడిసిన గౌను కళ్లముందు కదిలింది.

"ఆయనకి ఏ పుస్తకాలు పెట్టాలి?" అని మొగుణ్ణి అడిగింది.

"ఉన్నవి పెట్టు."

"ఉన్నవేంటో నీకసలు తెలుసా?"

"తెలీకేం? మొన్న స్నానం చేసొచ్చి తువ్వాలనుకుని లాగితే కూడికల పుస్తకం వచ్చింది. సగం ఒళ్లు తుడుచుకున్నాక గానీ తెలీలేదు."

"నీకన్నీ వేళాకోళాలే! ఆయన కాదంటే పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుంది ఫిన్‌బార్, నాకు భయంగా ఉంది."

ఫిన్‌బార్ నవ్వాపేశాడు. "దాన్ని మాట్లాడనీ చాలు" అన్నాడు. "పుస్తకాల సంగతి తరవాత."

డెర్వ్లా వినిపించుకోలేదు. మూడు రోజులు కూర్చుని, పరిశీలకుడి కోసం అరమీద మూడో రకం సర్దుడు తయారుచేసింది. కొంచెం గళ్ల పుస్తకాలు, కొంచెం పిట్టలు, ఐరిష్ భాషది ఒకటి, లెక్కలవి రెండు. అటు మరీ బడీ కాదు, ఇటు మరీ అడవీ కాదు. నెసా పక్కన కూర్చుని అన్నీ అందించింది.

గురువారం పదిన్నరకి తలుపు చప్పుడైంది. సాస్కియా! పరిశీలన రోజున తోడుగా ఒక తల్లి కూర్చోవడం వాళ్లలో ఆనవాయితీ. డెర్వ్లాయే పిలిచింది, మరిచిపోయింది. అరమీద గళ్ల పుస్తకాలున్నాయి! "వంటింట్లో కూర్చో, ముందుగది ఇంకా ఊడుస్తున్నాను" అని టీ ముందు పెట్టి, గళ్ల పుస్తకాలు చంకలో పెట్టుకుని, గవ్వలు తేవడానికి అలమరకి పరుగెత్తింది. ఇంతలో రెండోసారి తలుపు. నోరీన్, చేతిలో వెచ్చని ద్రాక్షపళ్ల రొట్టె.

"అత్తయ్యా, ఇవాళ గురువారం కదా!"

"ఏ వారమో నాకు తెలుసులే. ఆ డెక్లన్ టుయీకి మొదటి అక్షరం దిద్దించింది నేను. వాడొచ్చి నా మనవరాల్ని పరీక్ష చేస్తుంటే నేనింట్లో కూర్చుని మేజోళ్లు అల్లుకోవాలా? తప్పుకో."

నోరీన్ రొట్టెతో వంటింట్లోకి నడిచింది. ఇప్పుడు గవ్వలు దాచాలి, గళ్లవి పెట్టాలి. అవి పెడితే సాస్కియా, ఇవి పెడితే అత్తయ్య. డెర్వ్లా అలమర ముందు రెండు చేతుల్లో రెండు కట్టలతో నిలబడిపోయింది. అప్పుడే బయట కారాగింది. ఇక ఆలోచించే వ్యవధి లేదు. చేతిలోవి నెసా ఒళ్లో పడేసి, "సర్దెయ్ బంగారూ" అని గేటు దగ్గరికి పరుగెత్తింది. పాపం ఆ పరిశీలకుణ్ణి వానలో నిలబెట్టి పది నిమిషాలు కోళ్లని చూపించింది. ఒక్కో కోడినీ పేరు పేరునా. ఆయన మర్యాదస్తుడు. కళ్లజోడు తుడుచుకుంటూ అన్నిటికీ తల ఊపాడు.

లోపలికొచ్చాక నోరీన్ని చూసి ఆ యాభై ఏళ్ల మనిషి చేతులు కట్టుకున్నంత పనిచేశాడు. "టీచర్! మీరా?"

"నేనే. బూట్లు తుడుచుకో డెక్లన్. ఆ అలవాటు నీకెప్పుడూ లేదు."

నలుగురూ ముందుగదిలోకి వెళ్లారు. అర ఖాళీగా ఉంది. నేలమీద, గదికి సరిగ్గా మధ్యలో, మూడు దొంతర్లు. అంచులు కలిపి, ముద్దుగా, గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. వాటి వెనక నెసా మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

కొత్త మనిషి. పిల్ల ఇప్పుడు నోరు మూసేస్తే అంతే సంగతులు. మాట్లాడు తల్లీ, ఒక్క మాట మాట్లాడు, అని కనపడ్డ దేవుళ్లకల్లా మొక్కుకుంది.

నెసా మాట్లాడింది. దేవుళ్లు మరీ ఇంత ధారాళంగా వరమిస్తారని డెర్వ్లా అనుకోలేదు.

"ఇవి నానమ్మవి, ఆదివారానివి. ఇవి సాస్కియావి, మంగళవారానివి. ఇవేమో మీవి. ఎప్పుడూ ఒక్కళ్లే వస్తారు, ఇవాళ అందరూ వచ్చారు కదా, అందుకని అన్నీ తీశాను."

పరిశీలకుడు వంగి నోరీన్ దొంతరలోంచి ఒకటి తీశాడు. "వెచ్చగా ఉందే?"

"తువ్వాళ్లతో ఉంటుంది" అంది నెసా.

సాస్కియా కిటికీలోంచి బయటికి చూస్తోంది. డెర్వ్లా చెవులదాకా ఎర్రబడింది. నేల చీలి తనని మింగేస్తే బాగుండుననుకుంది. పరిశీలకుడు మాత్రం, ఖరీదైన ప్యాంటు ఏమైనా పరవాలేదన్నట్టు, పిల్లకెదురుగా నేలమీద కూర్చున్నాడు.

"మరి నీవేవి?"

నెసాకి ఆ ప్రశ్నలో వింతేమీ కనపడలేదు. "నావింకా కొనలేదు. అమ్మ ఇంకా ఎంచుతోంది."

డెర్వ్లా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అత్తగారు ఇప్పుడేమంటుందోనని తలొంచుకుంది. ఏడాదిన్నరగా కాచుకున్న మాట ఇప్పుడు పడుతుంది. నోరీన్ వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్లింది. కత్తితో రొట్టె కోస్తున్న చప్పుడు వినిపించింది. కోసి తెచ్చి మొదటి ముక్క కోడలి చేతిలో పెట్టింది.

పరిశీలకుడు పిల్లతో అరగంట మాట్లాడాడు. కోళ్ల గురించి, సముద్రపు ఆటుపోట్ల గురించి, నాన్న ట్యాంకరులో ఎన్ని ఆవుల పాలు పడతాయో దాని గురించి. పిల్ల గుక్క తిప్పుకోలేదు. లేచి వెళ్లబోతూ ఆయన డెర్వ్లాతో అన్నాడు.

"బడి వాళ్ల కాగితంలో ఈ పాప పదకొండు రోజులు ఒక్క మాటా అనలేదని ఉందమ్మా. ఇవాళ నన్ను మాట్లాడనివ్వలేదు. నమోదు చేస్తున్నాను. మూడు నెలల్లో మళ్లీ వస్తాను. అప్పటికి నాలుగో దొంతర ఉండాలి. ఒక్క పుస్తకమైనా చాలు."

"ఏ పుస్తకం సార్?" అంది డెర్వ్లా. అలవాటు.

ఆయన కోటు వేసుకున్నాడు.

అందరూ వెళ్లిపోయాక తల్లీ కూతురూ ఆ మూడు దొంతర్ల ముందు మిగిలారు. డెర్వ్లా ముక్కు తుడుచుకుని, "నీకు కావలసింది తీసుకో బంగారూ, చదువుకుందాం" అంది.

నెసా దొంతర్ల వైపు చూసి, తల్లి వైపు చూసింది.

"ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదమ్మా."

పిల్లకి ఏం చేయాలో తోచలేదు. ఒక పుస్తకం ముట్టుకుంది, వదిలేసింది. ఇంకోటి ముట్టుకుంది, అదీ వదిలేసింది. మూడోదాని మీద చెయ్యి పెట్టి, తల పక్కకి వంచి, పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది. ఆ తల వంచడం, ఆ పెదవి కొరకడం అచ్చం తనదేనని డెర్వ్లాకి అప్పుడు తెలిసింది.

చివరికి నెసా కళ్లు మూసుకుని నానమ్మ దొంతరలోంచి ఒకటి లాగింది. అభ్యాస పుస్తకాల్లో నాలుగో భాగం. మొదటి మూడూ కానే కాలేదు. అసలు దీనికంటే బొమ్మలు బాగున్నది ఇంకోటుంది, స్కిబరీన్ ఊళ్లో ఒకావిడ అమ్ముతానంది కూడా. ఆ మాట డెర్వ్లా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి పేజీ తెరిచింది. కాగితం ఇంకా వెచ్చగానే ఉంది.