జముకు బొమ్మ చెక్కిన గ్లాసు

పోయిన నెల మా మనవరాలు నన్ను విశాఖపట్నం బీచి రోడ్డులో కొత్తగా తెరిచిన ఒక హోటలుకి తీసుకువెళ్లింది. ఊళ్లో ఏది ఎక్కడ తినాలో, ఏది ఎక్కడ తాగాలో, ఏ సాయంత్రం ఎక్కడ నాటకముందో, ఎక్కడ పాటకచేరీ ఉందో అన్నీ దాని ఫోనులో వరసగా ఉంటాయి. వాటిలో పాతకాలపు కాఫీ అని కనబడేసరికి తాతకి నచ్చుతుందనుకుంది పాపం. లోపలికి వెళితే గోడ పొడుగునా చెక్క అల్మారా, దానిలో ఇత్తడి గ్లాసులు బారు తీరి ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద చుక్కల అక్షరాలతో ఒక్కొక్క పేరు. నాకు తెచ్చిన గ్లాసు మీదా ఎవరిదో పేరుంది. ఎవరిదమ్మా అని అడిగితే వడ్డించే పిల్ల నవ్వి, ఎవరిదీ కాదండీ, అందం కోసం మిషను మీద కొట్టించారంది. కాఫీ తాగేసి, గ్లాసు తిరగేసి అడుగు చూశాను. ఏం వెతుకుతున్నావు తాతా అని మనవరాలు అడిగింది కానీ నేను చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు, ఆ రోజులు ఎరిగినవాళ్లు, మీకు చెబుతాను.

అరవైల చివర నేను శ్రీకాకుళంలో మా మేనమామ పాత్రల కొట్టులో పనిచేసేవాణ్ణి. బుడితి నుంచి ఇత్తడీ కంచూ బళ్ల మీద వచ్చేవి, స్టీలు అప్పుడప్పుడే మొహం చూపిస్తోంది. కొన్న ప్రతి గిన్నె మీదా పేరు చెక్కించుకోవడం అప్పటి ఆనవాయితీ, ఆ పని నాది. సన్నటి ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. నా చేతివాటం బాగుంటుందని ఆమదాలవలస నుంచి కూడా పనిగట్టుకుని వచ్చేవాళ్లు. పొగడ్త ఎవరికి చేదు? కొన్నాళ్లకి నాకు కాస్త టెక్కు పుట్టి, పేరు చెక్కాక అడుగున అయిదు చుక్కల పువ్వొకటి వేయడం మొదలుపెట్టాను, ఇది నా పని అని నలుగురికీ తెలియాలని. ఆ పువ్వు ఒకనాడు నా గుమ్మంలోకే వచ్చి నిలబడుతుందని అప్పుడు తెలియదు.

మా కొట్టుకి ఎదురుగానే హోటలప్ప హోటలు. అప్ప అంటే మా వైపు అక్క, ఊరందరికీ ఆవిడ అప్పే. పొద్దున్న ఇడ్లీ మీద వేడివేడి బొంబాయి చట్నీ, పండగ నాళ్లలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఎండాకాలం మధ్యాహ్నం ఉల్లిపాయ ముక్కతో చల్లటి చోడంబలి, అదే రాగుల అంబలి, సాయంత్రం చికోరీ తక్కువ వేసిన కాఫీ. అది తాగి గోళీ సోడా కొట్టించుకుని నాగావళి ఇసుకలోకి వెళితే అక్కడ ఏదో ఒక కథో తప్పెటగుళ్ల చిందో ఉండనే ఉండేది. ఏడాదికోసారి రైలెక్కి విజయనగరం పోయి ఫిడేలు కచేరీ విని రావడం మాకు కాశీయాత్రతో సమానం. ఇంతకుమించి సుఖం ఎక్కడో ఉంటుందని మాకు తోచేది కాదు.

ఆ హోటల్లో ఒక పద్ధతి ఉండేది. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగడం చాలామందికి పట్టేది కాదు, అందుకని రోజూ వచ్చేవాళ్లు ఎవరి ఇత్తడి గ్లాసు వాళ్లు కొనుక్కుని, కళాయి పూయించి, నా చేత పేరు చెక్కించి అప్ప దగ్గర ఉంచేవారు. అల్మారాలో నలభై గ్లాసుల దాకా ఉండేవి. మేష్టారిది, ప్లీడరు గుమాస్తాగారిది, రైసుమిల్లు మావది. గ్లాసు తిరగేసి ఉంటే మనిషి ఇంకా రాలేదని, కనబడకపోతే ఇప్పుడే తాగుతున్నాడని లెక్క. పేరున్న గ్లాసు అల్మారాలో ఉంటే మనిషికి ఊళ్లో చోటున్నట్టే.

ఆ చోటు లేనివాడు మా జముకు బావ. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన కుంచం లాంటి వాద్యం, లోపలినుంచి లాగిన తీగని మీటితే జుమ్ముజుమ్మని మోగుతుంది. అది పట్టుకుని ఆయన కథ చెబితే ఇసుకలో కూర్చున్న జనం తడి ఆరని కళ్లతో ఇళ్లకి పోయేవారు. అంతటివాడికీ కాఫీ మాత్రం హోటలు బయట, చూరులో దోపిన విడి గ్లాసులోనే, తాగి కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఆయన కులం అటువంటిది, మా రోజులు అటువంటివి. నన్ను మొదట్లో బావూ అని మర్యాదగా పిలిచేవాడు. కథ విన్న మర్నాడు నేను బావా అనేసరికి తెల్లబోయి, తర్వాత ఆయనా బావా అనే అన్నాడు. అలా వరస కలిసింది.

ఒక దసరాకి ఆయనకి గ్లాసొకటి నేనే ఇచ్చాను. పేరు చెక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకు అచ్చరాలు రావు గదా బావా. నా జముకు బొమ్మెయ్యి. అది సూస్తే నాదని నాకు తెలుస్తాది."

సరేనని జముకు బొమ్మ చెక్కి, అడుగున నా పువ్వు వేశాను. దాన్ని అల్మారాలో పెట్టమంటే గొడవవుతుందనుకున్నాను, అయింది కూడా. ఇద్దరు పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. అప్ప గరిటె దించకుండానే వాళ్లకేసి తిరిగింది. "అంత బాగా పాడినోడి గ్లాసు ఎడితే అల్మారాకేటి, మైల అంటుకుంటాదా?" అంది. అని, చివర ఒక జానెడు ఎడం వదిలి ఆ గ్లాసు పెట్టింది. ఆ జానెడూ ఆవిడ కూడా దాటలేకపోయింది. అయినా బావ ఆ రోజు కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసుని తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాడు.

తర్వాతి ఏడు గాలి మారింది. కొండల్లో గిరిజనులు షావుకార్ల మీద తిరగబడ్డారన్నారు. పాతపట్నం వైపు కొండలకేసి పోలీసు లారీలు పోవడం మొదలైంది. మొదట వారానికొకటి, తర్వాత రోజూ. కొండకింద సంతలకి సరుకు వేసుకెళ్లడం మావయ్య మానేశాడు. మా వర్తకుల ఇళ్లల్లో కొండమీదివాళ్లంటే ఒక భయం, పోలీసులంటే ఇంకో భయం, రెంటినీ ఒకే గొంతులో గుసగుసలాడుకునేవారు. జముకు బావ కొండ ఊళ్లలో చెప్పే కథలో కొత్త చరణాలు కలిశాయని, అవి షావుకార్లకి నచ్చేవి కావని ఎవరో అన్నారు. నేను నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాను. "ఎవులు ఏటడిగినా మనకి తెల్దు, అంతే," అని మావయ్య నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడే కొత్త చెప్పుల మనిషొకడు హోటలుకి రావడం మొదలుపెట్టాడు. ఇడ్లీ తినేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అల్మారాకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గ్లాసుల మీది పేర్లు ఈ చివరనుంచి ఆ చివరకి నిదానంగా ఎక్కించుకున్నాడు. అప్ప చట్నీ వడ్డిస్తూనే ఉంది. పోలీసుల వేగని అందరికీ తెలిసిపోయింది. మర్నాడు మేష్టారు చింతపండుతో తోమించాలని చెప్పి తన గ్లాసు పట్టుకుపోయారు, మళ్లీ తేలేదు. తర్వాత గుమాస్తాగారిది, ఆ తర్వాత మిల్లు మావది. రోజుకొకటి చొప్పున అల్మారా పళ్లూడిన నోరులా అయిపోయింది. జనం కాఫీకి వచ్చేవాళ్లే, హోటలువాళ్ల ఉమ్మడి గ్లాసుల్లో తాగి పోయేవాళ్లు. అంటూ మైలా అన్నవాళ్లే ఎవరు తాగిందో తెలియని గ్లాసు కోసం చెయ్యి చాపారు. చివరికి జానెడు ఎడం అవతల బావ గ్లాసొక్కటే మిగిలింది.

ఒక పొద్దున్నే ఆయన వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, చేతిలో జముకు లేదు. కాఫీ తాగి, గ్లాసు కడిగి, అల్మారాలో పెట్టకుండా పంచెలో దోపుకున్నాడు. నేను దారికి అడ్డం వెళ్లాను. ఒక్క గంట ఇయ్యి బావా, ఆకురాయితో ఆ బొమ్మ, పువ్వు అరగదీసేస్తాను, ఊరికే ఇత్తడి గ్లాసయిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అని బతిమాలాను. నిజం చెప్పాలంటే నేను ముందు తలుచుకున్నది ఆయన బొమ్మని కాదు, నా పువ్వుని.

"నాదని సెప్పుకోడానికి ఈ బూమ్మీద ఉన్నది ఇదొక్కటే బావా. దీన్ని కూడా సెరిపేత్తావా?" అన్నాడు. అనేసి నవ్వి, "ఎల్లొస్తాను," అంటూ వెళ్లిపోయాడు.

రెండు నెలలు కాకుండానే ఒక మధ్యాహ్నం జీపు వచ్చి మా కొట్టు ముందు ఆగింది. ఇనస్పెక్టరు లోపలికి వచ్చి, పేర్లు చెక్కి వరసలో పెట్టిన బిందెలూ చెంబులూ తిరగేసి అడుగులు చూసి, సంచీలోంచి ఒక గ్లాసు తీసి నా ముందు పెట్టాడు. ఒక పక్క నొక్కుకుపోయింది. జముకు బొమ్మ సగం కనబడుతోంది, పువ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇది నీ పనే కదా, ఎవరికి చెక్కావని అడిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అది నేను గమనించాను, కానీ దాని అర్థం పట్టుకోలేకపోయాను. బావని పట్టుకోవడానికే వచ్చారనుకున్నాను. పేరు చెబితే ఆయన దొరికిపోతాడు, ఆయనతో పాటు నేనూ. వెనకనుంచి మావయ్య చెయ్యి నా భుజం మీద పడింది. ఇటువంటి పువ్వు అందరూ వేస్తారండీ, ఎవరిదో నాకు తెలియదు అన్నాను. ఇనస్పెక్టరు గ్లాసు తీసి సంచీలో వేసుకున్నాడు. మెట్లు దిగుతూ జవానుతో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది.

"అయితే గుర్తు తెలియని శవమనే రాసెయ్యి. ఇంక ఎంతసేపని ఉంచుతాం?"

జీపు కదలడానికి చాలాసేపు పట్టింది, డ్రైవరు సోడా తాగుతున్నాడు. పది అడుగులు వేసి ఆ పేరు చెప్పి ఉండొచ్చు. చచ్చినవాడికి నేను చెప్పడం వల్ల కొత్తగా వచ్చే కీడేమీ లేదు. నాకు వస్తుందేమోనన్న భయమే నన్ను అక్కడ నిలబెట్టేసింది, మావయ్య చెయ్యి అప్పటికే తీసేశాడు.

బావ భార్య ఏటా చోళ్లు మూటకట్టుకుని హోటలప్ప దగ్గరికి వచ్చేది. నుదుట ఇంత బొట్టు. గ్లాసు అట్టుకెల్నాడంటే ఎక్కడో తాగతన్నాడనే గదా అని అందరికీ తనే ధైర్యం చెప్పేది. గ్లాసు చేతులు మారి ఉండొచ్చు, ఆ చచ్చినవాడు ఇంకెవరో కావచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. ఏళ్లు గడిచే కొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. తల నెరిశాక ఆవిడ ఒకసారి నా దగ్గరికే వచ్చి, అలాంటి గ్లాసే ఇంకోటి చెక్కి ఇమ్మంది, ఇంట్లో పెట్టుకుంటానని. చెక్కి ఇచ్చాను. ఆవిడ తిరగేసి చూసింది.

"దీనికి పువ్వు లేదేటి బావూ?"

ఇప్పుడు వెయ్యడం లేదమ్మా అన్నాను. ఎప్పటినుంచి అని అడిగింది. జీపు వచ్చి పోయిన నాటినుంచి అనలేక తల వంచుకున్నాను. ఆవిడ గ్లాసు కొంగున కట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మరుసటి ఏడు వచ్చినప్పుడు నుదుట బొట్టు లేదు, మా కొట్టుకేసి చూడనూ లేదు.

ఆ హోటలు లేదిప్పుడు, అప్ప లేదు, మా కొట్టూ లేదు. ఇవాళ ఎవరు తాగిన గ్లాసులోనైనా ఎవరైనా తాగుతారు, చూరులో ఎవరి గ్లాసూ వేరుగా ఉండదు. మంచిదే, అలాగే ఉండాలి. కానీ ఎవరివీ కాని పేర్లు అందం కోసం గ్లాసుల నిండా చెక్కుకున్న ఈ రోజుల్లో, చెక్కవలసిన ఒక్క పేరూ నేను చెక్కలేదే అన్న బాధ నన్ను వదలదు. ఆ దసరానాడు ఆ అయిదు అక్షరాలు చెక్కి ఉంటే ఆ గ్లాసే మాట్లాడి ఉండేది, నా నోటితో పనుండేది కాదు. శవం ఇంటికి చేరేది. ఉలి పట్టే సత్తువ ఇప్పుడు ఈ వేళ్లకి లేదు, కలమే ఉంది.

ఆయన పేరు అప్పలసూరి.