ఫ్రాన్సు బయల్దేరిన సంచి

రండి, కూర్చోండి. అలా వింతగా చూడకండి, నేనే. ఈపాటికి నేను బొంబాయిలో ఉండాల్సిన మాట నిజమే. రేపు రాత్రి అక్కడ విమానం ఎక్కి, ఫ్రాన్సులో లియాన్ అనే ఊళ్ళో దిగాల్సిన మాటా నిజమే. కానీ చూశారుగా, నాంపల్లి స్టేషను ఎదురుగా ఈ ఇరానీ హోటల్లో పొద్దుట్నుంచీ టీ మీద టీ తాగుతున్నాను. నా సంచి మాత్రం బొంబాయి చేరింది. క్షేమంగానే ఉందట.

సంగతి మీకు తెలిసిందే. మగ్గాల మిషన్ల పని నేర్చుకోవడానికి మా ఆఫీసు నుంచి ఒక్కణ్ణి లియాన్ పంపుతామన్నారు. ఆ ఒక్కడు నేనయ్యాను. నా కింద రెండో పేరు మా సెక్షన్ పద్మనాభంగారిది. ఏ కారణం చేతనైనా ఆ విమానంలో నేను లేకపోతే, తరవాత విమానంలో ఆయన ఉంటారు. ఆర్డరులో అలాగే టైపు చేశారు.

ఇక ఆ రోజు నుంచీ సలహాలు! కాచిగూడలో మా వీధి మొదలుకొని అబిడ్స్‌లో మా ఆఫీసు మెట్ల దాకా, ఫ్రాన్సులో ఎలా బతకాలో నాకు చెప్పనివాడు పాపాత్ముడు. చెప్పినవాళ్ళలో ఒక్కడూ ఫ్రాన్సు చూడలేదు. అందరికంటే ఎక్కువ చూడనిది పద్మనాభంగారే. పడమటి వైపు ఆయన వాడీ రైల్వే జంక్షన్ దాటిన దాఖలా లేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పారిస్ గైడు ఒకటి కొన్నారు. అంతే, ఆఫీసు మొత్తానికి ఫ్రాన్సు ఆయన సొంతమైపోయింది.

"నేను వెళ్ళేది లియాన్ కదండీ" అన్నాను.

"ఏదైతేనేమోయ్, దేశం ఒకటేగా. షాపులో కాలు పెట్టగానే బొంజూర్ అని పలకరించాలి. సరుకు సంగతి తరవాత. అనకపోతే నిన్ను మనిషి కింద జమకట్టరు. రొట్టె మూరెడుంటుంది, చంకలో పెట్టుకుని నడవాలి. సంచీలో వేశావో, పల్లెటూరివాడనుకుంటారు. ముఖ్యంగా కోటు. చలి ఎముకలు కొరుకుతుందక్కడ."

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అయినా ఉన్ని కోటు కుట్టించాను. అది ట్రంకుపెట్టెలో పట్టలేదు. ఎందుకు పడుతుంది, మా అత్తగారు కందిపొడీ, కారప్పొడీ, చింతకాయ పచ్చడీ పెట్టి మూత మీద కూర్చుని తాళం వేయించారు. కోటు నా ఒంటి మీదే ప్రయాణం చేయాలని తేలింది.

ఇదంతా ఒక ఎత్తు. మొన్న రాత్రి అత్తగారు పంచాంగం తీశారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. నేను పక్కనే ఉన్నా మా శారదతోనే చెబుతారు.

"శారదా, మీ ఆయనతో చెప్పవే. రైలు కదిలే వేళకి వర్జ్యం. పొద్దున్నే మంచి గడియ ఉంది. ప్రస్థానం పెట్టేస్తే దోషం ఉండదు."

ప్రస్థానమంటే మీలో కొందరికి తెలియదేమో. ప్రయాణం టైముకి ముహూర్తం కుదరకపోతే, మంచి గడియలో మన వస్తువొకటి ముందుగా గడప దాటించి, వెళ్ళే దిక్కున ఎవరింట్లోనో పెడతారు. అంటే మనం బయల్దేరినట్టే లెక్క. తరవాత దాన్ని తీసుకుని రైలెక్కడమే.

నాకు నవ్వొచ్చింది. "ఒక తువ్వాలు పెట్టేస్తే సరిపోతుందా?" అన్నాను.

"తువ్వాలేమిటే, వేళాకోళమా? ఏది లేకపోతే మనిషి కదల్లేడో అది పెట్టాలని చెప్పు."

అక్కడుంది చూడండి నా తెలివి. ఊరుకుంటే పోయేది కదా. "అయితే పాస్‌పోర్టే పెడదాం. అది లేకపోతే మీ అల్లుడు లియాన్ కాదు, లింగంపల్లి తరవాత ఎక్కడికీ కదల్లేడు" అన్నాను వెక్కిరింతగా. ఆవిడ వెక్కిరింత అనుకోలేదు. చాలా సంతోషించారు. పాస్‌పోర్టూ, విమానం టిక్కెట్టూ, రైలు టిక్కెట్టూ గుడ్డసంచీలో వేసి, సంచికి బొట్టు పెట్టి ఇచ్చారు.

నాంపల్లి స్టేషను వెనక సందులో మా ఆఫీసు టైపిస్టు యాదగిరి ఒక్కడే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాడు. కాచిగూడకి పడమర, రైలుకి దగ్గర. నిన్న పొద్దున్నే వెళ్ళి సంచి అతని చేతిలో పెట్టాను. ప్రస్థానం గొడవంతా చెప్పడానికి సిగ్గేసి, "ఇది జాగ్రత్త, సాయంత్రం రైలుకి ముందు తీసుకుంటాను" అన్నాను.

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఇయ్యాల సెలవు పెడ్త. సంచి కాడికెళ్ళి కదల."

సాయంత్రం రిక్షాలో ట్రంకుపెట్టె, దాని పక్కన కోటులో నేను. దారిలో ఆఫీసు దగ్గర దిగాను, టీ పార్టీ ఉందని. అందరూ రెండేసి మాటలు చెప్పి కూర్చున్నారు. ఆఖర్న పద్మనాభంగారు లేచారు. పారిస్‌లో వీధులన్నీ వరసగా ఎక్కించి దింపారు. మధ్యలో నేను లేవబోతే, "తొందరపడకోయ్, నదుల దగ్గరికి వస్తున్నా" అన్నారు. ఆయన రెండో పేరు సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు పదే పదే గుర్తొస్తోంది.

ఎలాగో బయటపడి యాదగిరి సందులో దిగాను. గదికి తాళం! సంచి దగ్గర్నుంచి కదలనన్న మనిషి గదికి తాళం. ఎక్కడికో టీకి వెళ్ళుంటాడు, వచ్చేస్తాడనుకుని అరుగు మీద కూర్చున్నాను. కోటు లోపల స్నానం చేసినట్టయింది. లేచాను, కూర్చున్నాను. అతన్ని తిట్టాను, అత్తగారిని తిట్టాను, నన్ను మాత్రం మర్చిపోయాను. ఇంతలో రొప్పుకుంటూ, మొహమంతా నవ్వుతో యాదగిరి వచ్చాడు. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయింది.

"మీరేంది సార్ గీడున్నరు? రైల్ల లేరా?"

"సంచేదయ్యా?"

"మీ సీట్ల పెట్టొచ్చిన సార్. టైమైతున్నా మీరు రాకపాయె. మర్చిపోయి సీదా టేషన్‌కు పోయిన్రనుకున్న. సంచి ఇప్పి చూస్తే పాస్‌పోర్టు గిండ్లనే ఉంది. పానం గాబరా అయ్యింది, ఉరికిన. డబ్బా మీద మీ పేరు చూసి కిటికీ కాడ పెట్టిన. పక్కన పెద్దమనిషి బొంబాయి దాంక పోతడట. జర చూస్తుండుండ్రి, మా సార్ వస్తడని చెప్పిన."

ఇంజను కూత వినబడింది. "ఉరుకుండ్రి సార్" అన్నాడు. ట్రంకుపెట్టె అరుగు మీదే వదిలేసి ఉరికాను. ఎముకలు కొరికే చలి కోసం కుట్టించిన కోటు వేసుకుని నాంపల్లిలో ఉరికి చూడండి, తెలుస్తుంది. మేం ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి గార్డు పచ్చజెండా ఊపుతూ దూరమైపోయాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కిటికీ పక్క సీట్లో, బొట్టు పెట్టుకుని, నా సంచి ఫ్రాన్సు వెళ్ళిపోయింది.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి పరిగెత్తి, బొంబాయిలో నన్ను దింపుకోవడానికి వచ్చే మా శారద మేనమామ కొడుక్కి తంతి కొట్టాను. 'సంచి వస్తోంది. దింపుకో. నేను రేపటి రైలుకి.' ఇంటికి వెళ్ళేసరికి, ఎలా తెలిసిందో, పద్మనాభంగారు అప్పటికే పరామర్శకి వచ్చి కూర్చున్నారు. చాలా బాధపడ్డారు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఆ కోటు ఏ దర్జీ కుట్టాడోయ్ అని అడిగారు.

ఇవాళ ఆఫీసుకి ట్రంకాల్ వచ్చిందని యాదగిరి ఇక్కడికొచ్చి చెప్పాడు. "బావా, సంచి దిగింది. పెద్దమనిషి దానికి దారిలో అరటిపళ్ళు కూడా కొనిపెట్టాడు" అన్నాడట వాడు. రాత్రి రైలెక్కితే విమానం అందుతుంది. అందకపోతే పద్మనాభంగారికి నా కోటు సరిగ్గా సరిపోతుంది, కొలతలు నేను చూశాను.

ఫ్రాన్సు మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. బొంజూర్ మర్చిపోయినా ఫరవాలేదు, పాస్‌పోర్టుతో వేళాకోళం ఆడకండి.

పొద్దుట్నుంచీ ఇక్కడెందుకు కూర్చున్నావంటారా? ఇవాళ కూడా రైలు వేళకి ముహూర్తం బాగాలేదట. "మళ్ళీ ప్రస్థానం పెట్టాలని చెప్పవే శారదా" అన్నారు అత్తగారు. ముఖ్యమైనవన్నీ బొంబాయి రైల్లో పోయాయి, ఇంకా ఇంట్లో ఏముందని పెట్టేది? ఆవిడ ఇల్లంతా చూసి, చివరికి నా వైపు చూశారు. తెల్లారగానే బొట్టు పెట్టి గడప దాటించారు. యాదగిరి ఇంట్లో పెట్టింది ఆగడం లేదు గనక, ఈ హోటల్లో పెట్టారు. రాత్రి దాకా ఇల్లు తొక్కకూడదు.

మీరేం ఫికర్ చెయ్యకండి. సాయంత్రం యాదగిరి వచ్చి నన్ను తీసుకెళ్ళి కిటికీ పక్క సీట్లో పెడతానన్నాడు. పక్కనున్న పెద్దమనిషికి కూడా అప్పజెబుతాడట.