ముడి విప్పని కవర్లు

మంచిర్యాల దగ్గర గోదావరిలో ప్లాస్టిక్ ఏరడానికి మా కాలనీ ఆడవాళ్ళం ప్రతి ఆదివారం వెళ్తాం. చర్చిలో ఆరాధన ముగించుకుని నేను చేరేసరికే మా పక్క క్వార్టర్ వదినె చీర ఎగదోపుకుని మోకాటి లోతు నీళ్ళలో ఉండేది. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మాకు చుట్టరికమేమీ లేదు. గోడకు గోడ ఆనుకుని బతికి వదినెలమయ్యాం. ఆమె కొడుక్కి నేను అత్తమ్మను.

నీళ్ళ సీసాలు, గుట్కా ప్యాకెట్లు, ఆఖరికి పిల్లల డైపర్లు కూడా ముక్కు మూసుకుని ఏరేవాళ్ళం. కొన్ని కవర్లను మాత్రం మైల అని ఎవరూ ముట్టేవారు కాదు. పోయినవాళ్ళ అస్థికలు దారిలో ఒలకకుండా జనం ప్లాస్టిక్ కవర్లో గట్టిగా ముడేసి తెస్తారు. ఆ ముడితోనే నదిలోకి విసిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. గంగలో కలిపామని వాళ్ళ తృప్తి. కలిసేదెక్కడ, నా మొహం!

"మీ దేవుని దగ్గర మైల గియిల లేదు గద, నువ్వే పట్టుకో వదినె," అని ఆమె నన్ను ఉసిగొల్పింది.

"మేం మావోళ్ళను మట్టిల పెడ్తం. మీ బూడిద నాకెందుకు?" అన్నాను.

ఆమె నవ్వి తనే మొదటి ముడి విప్పింది. బూడిద నీళ్ళలో కలిసిపోయేదాకా నిలబడి, ఖాళీ కవరు నా సంచిలో వేసింది. ఆ తర్వాత నేనూ విప్పాను.

మొన్నటి ఎండాకాలం ఆమె మంచాన పడింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నన్నుగూడ గట్లనే ఇసిరేస్తరు వదినె. జర ముడి ఇప్పమని చెప్పు," అంది. నోర్ముయ్యమని కసిరాను. తెల్లారేసరికి పోయింది.

ఆమె కొడుక్కి చెప్పాను. సరేనన్నాడు. మూడో రోజు ఆడవాళ్ళను రేవులోకి రానివ్వలేదు, పై మెట్టు మీదే నిలబడ్డాను. వాడి చేతిలో తెల్ల కవరు. పక్కన ఒక పెద్దమనిషి తొందరపెడుతున్నాడు. వాడు ఏడుస్తూ విసిరేసి ఇటు తిరిగాడు.

"ముడి ఇప్పలే బిడ్డా!" అని అరిచాను.

"ఎనుకకు మల్లి సూడద్దు, నడువు," అన్నాడు పెద్దమనిషి. ఆయన్ని కొట్టాలనిపించింది. వాడు తల వంచుకుని నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. నేను మెట్లు దిగేసరికి గాలి నిండిన కవరు తేలుతూ దూరం పోయింది.

ఆదివారం చర్చికి పోలేదు. దిగువన బండలకు తట్టుకున్న తెల్ల కవర్లన్నీ విప్పాను. బూడిదకు మొహం ఉంటుందా గుర్తుపట్టడానికి? ప్రతిదీ వదినేననుకుని, ఏడుస్తూనే విప్పాను.

సాయంత్రం వాడు మా ఇంటికొచ్చాడు.

"నువ్వు పిలిసింది ఇనవడ్డది అత్తమ్మా. మల్లి సూస్తే అవ్వకు మంచిగ కాదన్నరు." నా తడి చీర చూసి అడిగాడు. "దొరికిందా?"

"దొరికింది బిడ్డా. ఇప్పిన."

వాడు గడపలోనే కూలబడి ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. అబద్ధమాడినందుకు నాకు భయం లేదు. ఆమె ఇంకా ఏ బండ సందులోనో ఆ ముడిలోనే ఉందేమోనని భయం.