గుండ్రాయి మీద ఇల్లు

అమ్మ టిఫిన్ క్యారియర్ మూత తీస్తే ఇప్పటికీ ఇంగువ వాసన వస్తుంది. ఎంత తోమినా పోదు. అమ్మ పోయి నాలుగు నెలలైంది. మొన్న కార్తీక సోమవారం పొద్దున అందులో పులిహోర సర్దుతుంటే, ఇదే క్యారియర్‌తో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ మేం నలుగురం గుర్తొచ్చాం: నాయిన, నాయినమ్మ, అమ్మ, నేను.

అప్పుడు సీతాఫల్‌మండిలో అద్దెకుండేవాళ్లం. ఒకే వాకిలి చుట్టూ ఆరు పోర్షన్లు, మధ్యలో చేతి బోరింగు, గోడ వెనకే రైలు పట్టాలు. బండి వెళ్లినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలమనేవి, మాటలు సగంలో ఆపి బండి పోయాక మళ్లీ అందుకునేవాళ్లం. ఎదురు పోర్షన్లో బడిలో చదువు చెప్పే టీచరమ్మ, ఆమె కూతురు రూతు ఉండేవారు. సాయంత్రం నేనూ రూతూ తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతూ టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకునేది.

ఏటా కార్తీకంలో ఒక సోమవారం ఊరి బయట గుట్ట మీది శివాలయానికి వెళ్లేవాళ్లం. బస్సు దిగాక జొన్న చేల మధ్య నడక, చేల గట్ల మీద తంగేడు పూలు, తర్వాత అరిగి నున్నబడ్డ మెట్లు. నల్లరాతి గుడి. ఎన్ని వందల ఏళ్లదని అడిగితే పూజారి "మా తాతకు సుత తెల్వదు బిడ్డా" అని నవ్వేవాడు. లోపల మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. దీపం నూనె, మారేడు ఆకులు, గబ్బిలాలు అన్నీ కలిసిన ఒకే వాసన.

గుడి వెనక పెద్ద బండ. సొంతిల్లు కావాలనుకున్నవాళ్లు దాని మీద రాయి మీద రాయి పేర్చి దండం పెట్టుకుంటారు. గుట్ట దిగేదాకా అది నిలబడితే ఇల్లు అవుతుంది, పడిపోతే ఆ ఏడు లేనట్టే. పేర్చాల్సింది ఇంటి కోడలేనని నాయినమ్మ పట్టు. సొంతింట్లో కన్నుమూయాలన్నది ఆమె కోరిక.

"లక్ష్మీ, జెర సూసి పెట్టు. గోడ వంకర పోతున్నది."

"పోదత్తమ్మా. మీరు సూస్తనే ఉండుండ్రి."

అమ్మ అయిదు రాళ్లు నిలబెట్టేది. నాయినమ్మ తృప్తిగా చూసి చెట్టు కిందికి పోయి పులిహోర ముందు కూర్చునేది.

నాకు ఆ ఇల్లు వద్దు. సొంతిల్లంటే రూతు ఉండని ఇల్లు. అందుకే ఎనిమిదేళ్లప్పుడు, చెయ్యి కడుక్కునే వంకతో బండ దగ్గరికెళ్లి కాలి బొటనవేలితో కింది రాయిని తోశాను. ఇల్లు కూలింది. నా బలానికి నేనే ఆశ్చర్యపోయాను. పరుగెత్తుకొచ్చి "కోతులు, కోతులు" అన్నాను.

"ఈ కోతులకు మా ఇల్లే దొరికిందానె?" అని నాయినమ్మ గుట్ట దిగేదాకా తిట్టింది. అమ్మ నాకు ఇంకో ముద్ద పెట్టింది.

అట్లా నాలుగేళ్లు కోతుల మీద పెట్టాను. అయిదో ఏడు నాయినమ్మ మెట్లెక్కలేక కిందే ఆగిపోయింది. ఆ ఏడు నా వేలు వాచింది గానీ రాయి కదల్లేదు. మరుసటి ఏడే ఏ.ఎస్. రావు నగర్ దగ్గర మాకు రెండు గదుల ఇల్లయింది.

గృహప్రవేశం సాయంత్రం పాలు పొంగించిన గిన్నె తోముతున్న అమ్మకు ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ నవ్వింది.

"నాకెర్కే. కోతయితే పులిహోర ఎత్కపోతది గాని ఇల్లు ఎందుకు కూలగొడ్తది?"

"మరి కొట్టలేదెందుకు?"

"ఎట్ల కొట్టాలె? కింద గుండ్రాయి పెట్టింది నేనే గద. నాకు సుత టీచరమ్మను ఇడిసి పోబుద్ధి కాకపోయె. పోయినేడు మెట్ల కాడ కూసున్న అత్తమ్మ మొఖం సూసినంక సదును రాయి పెట్టిన."

నాయినమ్మ ఆ ఇంట్లో ఆరేళ్లు ఉండి, కోరుకున్నట్టే అక్కడే పోయింది.

మొన్న గుడికి రూతును తీసుకెళ్లాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో ఉంటుంది. జొన్న చేలు లేవు. గుట్ట మొదలు దాకా అపార్ట్‌మెంట్లే. సీతాఫల్‌మండి వాకిలి కూడా లేదు, టీచరమ్మా లేదు. బండలో సగం పగలగొట్టి వాహనాలు నిలిపే చోటు చేశారు. మిగిలిన సగం మీద ఒక్క రాళ్ల ఇల్లు కూడా కనిపించలేదు.

గుండ్రాయి ఒకటి వెతికి పెట్టి పేర్చడం మొదలుపెట్టాను. రెండో రాయికే జారిపోయింది.

"ఏందమ్మా మేస్త్రీ, పునాదే లేదు" అని రూతు నన్ను పక్కకు నెట్టింది. తనది మూడు దాకా వచ్చి పడింది. మళ్లీ నేను, మళ్లీ తను. క్యారియర్లో పులిహోర చల్లారిపోయింది. నాయినమ్మ చూసినంతసేపూ కదలకుండా నిలబడి, ఆమె అటు తిరిగాక ఎనిమిదేళ్ల పిల్ల కాలివేలికి పడిపోయే ఇల్లు అమ్మ ఎట్లా కట్టిందో, పొద్దు వాలేదాకా మాకు చేతకాలేదు.