రెండు మెట్లు కింద పాడిన ఆర్కెస్ట్రా

నాకు సరిగమలు రావు. ఇప్పటికీ రావు. హార్మోనియం ముందు కూర్చోబెట్టి ‘సా’ ఎక్కడుందో చూపించమంటే తెల్లమొహం వేస్తాను. అయినా జనగామలో ఒక ఆర్కెస్ట్రాను ఏళ్ల తరబడి నడిపాను, బాగా నడిపాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. బెల్లం అమ్మేవాడికి చెరకు నరకడం రావాలా ఏమిటి?

మాది గింజల వ్యాపారం. బజారులో దుకాణం, దాని వెనక గోదాము. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడినప్పుడు నేను చదువుకుంటున్నాను. మొదట్లో ఊరేగింపులు, నినాదాలు, గోడల మీద రాతలతో రోజులు తెలియలేదు. తర్వాత ఎండాకాలం వచ్చింది, ఊపు తగ్గింది, కాలేజీలు మాత్రం తెరవలేదు. పనిలేని మా అందరికీ ఒకే అడ్డా దొరికింది. అది పెళ్లిళ్లకు మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం. అక్కడ రికార్డులు తిప్పే మిషను ఉండేది. ఒకడు బుల్‌బుల్ తార తెచ్చాడు, ఒకడు డోలక్ తెచ్చాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే అన్న మా గోల భరించలేక తనే వచ్చి చేరాడు. కాలేజీలు తెరిచేసరికి మాదొక ఆర్కెస్ట్రా అయి కూర్చుంది. అందరూ వాయించేవాళ్లే, ఏమీ వాయించనివాణ్ని నేనొక్కణ్నే. మేనేజరు పదవికి అదే అర్హతయింది.

ఆ పదవిని తక్కువగా చూడకండి. దేవరుప్పులకు ఎడ్లబండి మీద డ్రమ్ములు చేర్చడం ఒక ఎత్తు, వాటిని వాయించేవాణ్ని చేర్చడం ఒక ఎత్తు. డోలక్ వాయించేవాడు కడుపునిండా తినకపోతే చేతులు ఆడవనేవాడు. క్లారినెట్ అన్న తింటే ఊపిరి ఆడదనేవాడు. పెళ్లివారేమో అందరూ ఒకే బంతిలో కూర్చోవాలనేవారు. మైకులో తన పేరు రెండోదిగా చెప్పారని అలిగి చెప్పులేసుకునేవాడొకడు. వీళ్లందరినీ ఒకే పాటకు ఒకే చోట కూర్చోబెట్టడం నాకు చేతనయింది. మా నాన్న, బాపు అంటాం, ఆయన మాత్రం “దుకాణం ఇడిసిపెట్టి గీ డబ్బాలెంబడి తిరుగుడేందిరా?” అని రోజూ అడిగేవాడు. నేను రోజూ వినేవాణ్ని.

మాకు లేనిదల్లా ఆడగొంతు. మగవాడొకడు గొంతు సన్నం చేసి పాడితే జనం నవ్వేవారు. మా వెనక వీధిలో ఒకామె ఉండేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. అత్తతో ఉంటూ బట్టలు కుట్టేది. మిషను తొక్కుతూ పాడుకునేది. ఆ వీధిలో నడిచేవాళ్లు తెలియకుండానే అడుగు నెమ్మది చేసేవారు, ఆ గొంతు అలాంటిది. లావుగా, వెచ్చగా ఉండేది. అందరికీ ఆమె అక్క. నేను వెళ్లి అడిగితే ఆమె తల వంచుకుంది. జవాబు అత్త చెప్పింది.

“పాడనీయి. కానీ నేను గూడ వస్త. స్టేజి మీద నా కోడలు పక్కన నాకో కుర్చీ ఏయాలె.”

వేశాను. ఆ రోజు నుంచి మా ప్రతి ప్రోగ్రాములోనూ స్టేజి మీద ఒక అవ్వ తమలపాకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. బచ్చన్నపేటలో ఎవరో ఆమెనే పెద్ద విద్వాంసురాలనుకుని దండ వేశారు. అవ్వ కాదనలేదు, దండను ఇంటిదాకా తెచ్చుకుంది.

పాటలు నేర్చుకోవడమంతా ఆ మైకు దుకాణంలోనే. కొత్త రికార్డు రాగానే మిషను మీద పెట్టేవాళ్లం, అందరం చుట్టూ కూర్చుని వినేవాళ్లం, గీత పడేదాకా తిప్పేవాళ్లం. కాగితం మీద స్వరాలు రాసుకునే చదువు మాలో ఎవరికీ లేదు. చెవికి పట్టిందే చదువు. అయితే ఆ మిషను లోపలి రబ్బరు చక్రం అరిగిపోయింది. పళ్లెం తిరగాల్సినంత వేగంగా తిరిగేది కాదు. పాట నిదానంగా సాగేది, శ్రుతి కూడా కిందికి దిగేది. ఈ సంగతి మాకు తెలియదు. మా చెవులకు అదే అసలు పాట.

అవే పాటలు సినిమాహాల్లో వేగంగా వినిపించేవి కదా, అనుమానం రాలేదా అంటారు. వచ్చింది. దానికి మేం కారణం కూడా కనిపెట్టాం. హాలు ఆపరేటరు తొందరగా ఇంటికి పోవాలని రీలు గట్టిగా తిప్పుతున్నాడని తేల్చేశాం. మరి రేడియో సంగతేమిటని ఎవరో అడిగితే, “వార్తల టైము కావాలె కదా, జల్ది జల్ది ఏస్తరు” అన్నాడు క్లారినెట్ అన్న. అందరం ఒప్పుకున్నాం. ప్రపంచమంతా పరుగెడుతోంది, జనగామ ఒక్కటే సరిగ్గా నడుస్తోందని మా గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మీద నీళ్లు పోసినవాడు అకార్డియన్ సారు. కోస్తా నుంచి బదిలీ మీద మా ఊరి బ్యాంకుకు వచ్చాడు. సంగీతం బాగా చదువుకున్నవాడు. మొదటి సాయంత్రమే మా రిహార్సల్ విని చెవులు మూసుకున్నంత పని చేశాడు.

“ఏంటండీ ఇది? పాటని ఇలా ఈడుస్తున్నారేంటి? అసలు శ్రుతికి రెండు మెట్లు కింద వాయిస్తున్నారు మీరు!”

నాకు ఒళ్లు మండింది. మొన్నమొన్నటిదాకా ఊరేగింపుల్లో అరిచిన గొంతు నాది. కోస్తావాళ్లు మా మాటను వెక్కిరించింది చాలక ఇప్పుడు మా పాటను కూడానా అని లేవబోయాను. ఆయన నన్ను పట్టించుకోకుండా మిషను మూత విప్పి, అరిగిన చక్రం చూపించాడు. కోపం అలాగే ఉండిపోయింది గానీ పెట్టడానికి చోటు లేకుండా పోయింది. ఆయన చెప్పింది నిజం.

అప్పుడే మానుకోట నుంచి పిలుపొచ్చింది. అక్కడి వర్తకులంతా కలిసి నిలిపే గణపతి మండపంలో ప్రోగ్రాము. ఆ చుట్టుపక్కల అంతకన్నా పెద్ద స్టేజి లేదు. అక్కడ మెప్పిస్తే పేరు ఊరూరా పాకుతుంది, నవ్వులపాలైతే అదీ పాకుతుంది. అప్పటికే మాతో చేరిన అకార్డియన్ సారు అన్ని పాటలూ అసలు శ్రుతికి ఎక్కించాడు. వాద్యాలు ఎక్కాయి. అక్క గొంతు ఎక్కలేదు. పైచరణం దగ్గర చీలిపోయింది. మళ్లీ పాడింది, మళ్లీ చీలింది. అవ్వ తమలపాకు నమలడం ఆపేసింది.

“ఈ ఒక్క ప్రోగ్రాముకి బెజవాడ నుంచి వేరే అమ్మాయిని రప్పిద్దామండీ. తర్వాత ఈవిడే పాడతారు” అన్నాడు సారు. చెడ్డవాడు కాదు, నిజంగానే మా మంచికే అన్నాడు.

మర్నాడు అక్క మా గింజల దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ రానిది.

“తమ్మీ, మా మరిది సంగతి నీకెరికే. మొగడు సచ్చినామెకు స్టేజీలెందుకని మొదటిసంది అంటనే ఉన్నడు. అత్త నా దిక్కున్నదని ఊకున్నడు. ఒక్కసారి నన్ను దించిన్రంటే మల్ల ఎక్కనియ్యడు. గా కుట్టు మిషను ముంగటనే నా బతుకు తెల్లారుతది.”

ఏడవలేదు. బియ్యం ధర అడిగినంత మామూలుగా చెప్పి వెళ్లిపోయింది. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. పాట బాగుందో లేదో తేల్చే విద్య నా దగ్గర లేదు. కానీ సరుకు బాగుందో లేదో కొనేవాడి మొహంలో చూసే విద్య ఉంది, అది మా ఇంటి విద్య.

మధ్యాహ్నం పూట అందరినీ గోదాములోకి రప్పించాను. బయట హమాలీలు మొగుళ్లపల్లి నుంచి వచ్చిన బస్తాలు దించుతున్నారు. బాపు తరాజు పట్టుకుని గింజలు తూస్తున్నాడు. ఒకే విరహం పాటను రెండు విధాలా వాయించమన్నాను. మొదట సారు చెప్పిన శ్రుతిలో, క్లారినెట్ మీద, గొంతు లేకుండా. నేను గడప మీద నిలబడి వీధి వైపు చూశాను. హమాలీలు తలూపుతూ బస్తాలు దించారు. పాట బాగుంది, పని సాగింది.

తర్వాత అక్క పాడింది, మా పాత శ్రుతిలో, మా పాత నిదానంలో. రెండో చరణానికి వచ్చేసరికి ఒక హమాలీ వీపు మీది బస్తా దించకుండానే నిలబడిపోయాడు. ఇంకొకడు నేల మీద కూర్చున్నాడు. పనివాళ్లు ఆగితే కేకలేసే బాపు వైపు చూశాను. తరాజు ఎత్తి పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది. పాట అయిపోయాకే ఆ చెయ్యి దిగింది. దిగగానే, “పనులు బంద్ వెట్టి పాటలింటున్రా?” అని హమాలీల మీద అరిచాడు. నాకు కావలసిన జవాబు వచ్చేసింది.

లోపలికొచ్చి చెప్పాను. “సారూ, మీరన్నది కరెక్టే. రెండు మెట్లు కిందనే ఉన్నం. గక్కడనే ఉంటం.”

ఆయన మొహం ఎర్రబడింది. “అది తప్పు శ్రుతి అని తెలిసి కూడా వాయించమంటారా?”

నేను నోరు తెరిచేలోపు అక్క అంది, “సారూ, మనిషి కొలతకు అంగి కుడతరా, అంగి కొలతకు మనిషిని కోస్తరా?”

 సారు ఫక్కున నవ్వి అకార్డియన్ పట్టీలు భుజాలకు తగిలించుకున్నాడు. ఆ రోజు నుంచి మా శ్రుతికి వాయించడమే కాదు, ఆ నిదానానికి తగ్గట్టు మధ్యలో సంగీతం కొత్తగా కట్టాడు కూడా. మా మిషను చేసిన తప్పును అంత అందంగా దిద్దకుండా వదిలేసినవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

మానుకోటకు ప్యాసింజరు బండిలో పోయాం. డ్రమ్ములు తలుపు దగ్గర, అకార్డియన్ సారు ఒళ్లో, అవ్వ కిటికీ పక్కన. మండపం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. విరహం పాట మొదలుకాగానే ముందు వరుసలో ఒకాయన, సినిమా చాలాసార్లు చూసినట్టున్నాడు, లేచి నిలబడ్డాడు.

“స్పీడు పెంచున్రి! స్పీడు!” అని అరిచాడు. అక్కడక్కడ నవ్వులు. అక్క గొంతు ఒక్క క్షణం తడబడింది. పాడుతూనే నా వైపు చూసింది. స్టేజి పక్కన నిలబడి అరచెయ్యి మెల్లగా కిందికి ఆడించాను. నిదానం, మనదే నిదానం. కుర్చీలోంచి అవ్వ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. అక్క కళ్లు మూసుకుని పాటను ఇంకాస్త నిదానం చేసింది. డోలక్ వాడు ఆమెను అందుకున్నాడు, సారు వాణ్ని అందుకున్నాడు. చరణం పూర్తయ్యేసరికి మండపం వెనక బఠాణీలు అమ్మేవాడి కేక కూడా వినిపించలేదు. అరిచినాయన ఎప్పుడు కూర్చున్నాడో నేను చూడలేదు. పాట అయ్యాక “ఇంకోసారి” అన్న కేకల్లో ఆయన గొంతు కూడా ఉందని మాత్రం గుర్తుపట్టాను. ఆ రాత్రి నాకు గర్వంగా అనిపించింది. నా జీవితంలో మళ్లీ అంతగా గర్వపడలేదు.

తర్వాత ఏళ్లకేళ్లు మాకు తీరిక లేదు. మానుకోట, మొగుళ్లపల్లి, భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లు, ఎక్కడ పెళ్లయినా జనగామ ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. అక్క మరిది కూడా తన కూతురి పెళ్లికి మమ్మల్నే పిలిచి, స్టేజి ముందు కుర్చీలు తనే సర్దాడు. అవ్వ ఆ ఒక్కరోజు స్టేజి దిగి ఆ కుర్చీల్లో మొదటిదాంట్లో కూర్చుని వింది.

ఎనభైల్లోకి వచ్చేసరికి టేప్ రికార్డర్లు ఇంటింటికీ చేరాయి. క్యాసెట్ ఉండగా ఆర్కెస్ట్రా ఎందుకనే రోజులు వచ్చాయి. సారు బదిలీ అయి వెళ్లిపోయాడు. అవ్వ కాలం చేసింది. నేను దుకాణంలో కుదురుగా కూర్చున్నాను. కుదురుగా అన్నాను గానీ, గింజల పక్కనే ఒక అర చేయించి అందులో క్యాసెట్లు పెట్టాను. చేయి ఊరుకోదు కదా.

ఒకనాడు మొగుళ్లపల్లి నుంచి ఒక రైతు వచ్చాడు. ఒకప్పుడు తన చెల్లెలి పెళ్లిలో మా ఆర్కెస్ట్రా పెట్టించినవాడే. సంచిలోంచి క్యాసెట్ తీసి నా ముందు పెట్టాడు.

“సేటూ, గీ క్యాసెట్ ఖరాబున్నది. వాపస్ తీస్కో.”

వేసి చూశాను. శుభ్రంగా మోగుతోంది. అసలు సినిమా పాట, అసలు గాయని. “మంచిగనే ఉన్నది కదనే” అన్నాను.

“ఏం మంచిగున్నది? పాట ఉరుకుతున్నది. గొంతు పీలగున్నది. మూడు టేపుల్ల ఏసి చూసిన, గట్లనే ఉన్నది. మీ జనగామ అక్క పాడినట్టు లేనే లేదు. గిది నకిలీ.”

నేను క్యాసెట్ తీసుకున్నాను. తరాజు జీతగాడికి అప్పగించి నేరుగా వెనక వీధికి వెళ్లాను. అక్క మిషను తొక్కుతోంది. చెప్పాను. కాలు ఆగింది. ముందు నవ్వింది, నవ్వీ నవ్వీ కుడుతున్న గుడ్డనే నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదే గుడ్డతో కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

“మరి వాపస్ తీసుకున్నవా?”

“తీసుకున్ననే అక్క.”

“మంచి పని చేసినవ్. ఖరాబు సరుకు అమ్మొద్దు తమ్మీ.”