మైనస్ ముప్పై రెండు మైకు

ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పర్చూరు చుట్టుపక్కల ఖుర్షిదక్క సన్నాయి లేకుండా జరిగిన పెళ్లిళ్లు తక్కువ. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న విద్య. ఆమె పక్కన డోలు వాయించేవాణ్ణి నేను. ఆమె కల్యాణి రాగం ఎత్తుకుంటే, రోడ్డు మీద మిరపకాయల బస్తాలతో వెళ్లే ట్రాక్టరు కూడా ఆగేది. అన్నీ ఉన్నాయి, సర్కారువాళ్లు పరీక్ష పెట్టి కళాకారులకిచ్చే గ్రేడు ఒక్కటే లేదు. గ్రేడు లేనివాళ్లను పెద్ద కచేరీల్లో ప్రధాన స్థానంలో కూర్చోనివ్వరు. నిన్నగాక మొన్న నేర్చుకున్న షఫీక్‌కి గ్రేడుంది కాబట్టి వాడు ముందు, వాణ్ణి అనుసరిస్తూ ఆమె పక్కన. ఆ గ్రేడు పరీక్షకు ఈ ఏడాదితో ఆమెకు వయసు దాటిపోతుంది.

ఇదివరకు పరీక్షకు మనిషిని పిలిచి ఎదురుగా వాయించమనేవాళ్లు. ఇప్పుడు రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పంపితే చాలట, ఫోన్లో తీసింది మాత్రం పనికిరాదట. ఆమె భర్త అన్వర్ టైలరు. గుంటూరు వెళ్లి మైకులు చూపించమన్నాడు. ఒక డబ్బా మీద సెన్సిటివిటీ మైనస్ యాభై నాలుగు డెసిబెల్స్, ఇంకోదాని మీద మైనస్ ముప్పై రెండు. సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచి మైకని షాపువాడు చెప్పాడు. అన్వర్ రెండోది కొన్నాడు.

ఆ అంకె మంచిచెడ్డలకు వేసిన మార్కు కాదు. ఒకే శబ్దానికి ఏ మైకు ఎంత సిగ్నల్ ఇస్తుందో చెప్పే లెక్క, అంతే. ముప్పై రెండుది యాభై నాలుగుదాని కంటే సుమారు పన్నెండు రెట్లు ఎక్కువ ఇస్తుంది. మెల్లగా మాట్లాడేవాళ్లకు అది వరమే. నాలుగు వీధులకు వినపడే సన్నాయి ముందు పెడితే, శబ్దం పెంచే గెయిన్ మీట పూర్తిగా తగ్గించినా రికార్డరు తట్టుకోలేదు, స్వరం చిట్లుతుంది. ఏం రికార్డు చేస్తారని ఒక్క ముక్క అడగడానికి ఆ షాపువాడికి నోరు రాలేదు. ఆ మైకుతోనే రికార్డు చేశాం, మేం విన్నది చిన్న స్పీకర్లో. ఆ బొంగురు స్పీకరుదే అనుకుని పంపేశాం.

జవాబొచ్చింది. నాదం పగిలిందట, శ్వాస మీద అదుపు లేదట, తిరస్కరించారట. ఖుర్షిదక్కకు శ్వాస మీద అదుపు లేదట! నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

ఆమె అరవలేదు. మైకు ముందు అన్వర్‌ని మాట్లాడమంది. శుభ్రంగా వచ్చింది. తను ఊదింది. చిట్లింది. అవతలి గోడ దాకా వెళ్లి ఊదింది. చిట్లడం తగ్గింది.

"పగిలింది నా ఊపిరి కాదు నాగేంద్రా," అంది.

పెళ్లిళ్లకు మైక్‌సెట్టు పెట్టే మాబు సాహెబ్ దగ్గర మైనస్ యాభై నాలుగుది ఉంది. అది తెప్పించి, అదే కల్యాణి మళ్లీ వాయించి పంపింది. అన్వర్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. నువ్వేం చేస్తావు, వాడు చెప్పింది నమ్మావు అని ఆమే సర్దిచెప్పింది.

కొన్నాళ్లకు గ్రేడులిచ్చే ఆఫీసు అధికారి ఫోన్ చేశాడు.

"రెండోది విన్నామమ్మా. చాలా గొప్పగా ఉంది. కానీ ఒకరికి ఒక్కటే అవకాశం. రూల్స్ ఒప్పుకోవు."

"మీరు గ్రేడు లేదన్నది నాకాండి, మైక్‌కాండి?"

ఏమీ చేయలేనని ఆయన ఫోన్ పెట్టేశాడు.

తర్వాతి నెల చీరాల గుడి ఉత్సవంలో కచేరీ. నువ్వు ముందు కూర్చో అక్కా అని షఫీక్ లేచి నిలబడ్డాడు, వాడు మంచివాడే. నిర్వాహకుడు వచ్చి గ్రేడు లేకుండా కుదరదని వాణ్ణి మళ్లీ ముందు కూర్చోబెట్టాడు. సాయంత్రమంతా ఆమె సన్నాయి వాడి సన్నాయి వెనకే నడిచింది. పై స్థాయిలో ఒకచోట వాడికి ఊపిరి అందక స్వరం తెగింది. తెగిన చోట ఆమె అందుకుని, ఎవరికీ తెలియకుండా వాణ్ణి కింది స్థాయి దాకా దింపింది.

జనం లేచి షఫీక్‌కి చప్పట్లు కొట్టారు.