పెద్ద మేడం చేసిన హోంవర్క్

పెద్ద మేడం పోయారన్న కబురు మా పని గ్రూపులో వచ్చింది. పైన ఒకాయన ఏదో పాఠం తెరుచుకోవడం లేదని ఫిర్యాదు పెట్టాడు. కింద ఇంకొకాయన ఛార్జర్లు ఎప్పుడు పంపుతారని అడిగాడు. ఆ రెండింటి నడుమ, "సిరిసిల్ల బడి పెద్ద మేడం ఈ తెల్లవారుజామున కోరుట్లలో వాళ్ళింట్లో గుండెపోటుతో పోయారు" అని ఒక్క వాక్యం. దానికి ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. చదివి పెట్టారో, చదవకుండానే పెట్టారో తెలియదు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ బొటనవేలు మీద మండింది, ఛార్జర్ల ఆయన మీద మండింది, నిజం చెప్పాలంటే మేడం మీద కూడా మండింది. ముందురోజు సాయంత్రమే నాకొక పొడుగాటి వాయిస్ మెసేజ్ పంపి, చివర్లో "నువ్వు చేసింది నాకు నచ్చలె బిడ్డా, రేపు మాట్లాడుదాం" అన్నారు. ఏది నచ్చలేదో చెప్పలేదు. ఇప్పుడు నేను ఎవరిని అడగాలి?

నేను ఉండేది జగిత్యాలలో. సర్కారు బడుల కోసం ఫోన్లలో పాఠాలు తయారు చేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. తరగతి గదిలో పిల్లలకు తలా ఒక ఫోను ఇస్తారు. పిల్ల చెప్పిన జవాబును బట్టి తర్వాతి లెక్క సులువుగా ఉండాలో కష్టంగా ఉండాలో ఆ ఫోనే చూసుకుంటుంది. ఇంటికెళ్ళాక అదే పాఠం తల్లిదండ్రుల ఫోన్లో తెరుచుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే మాత్రం ప్రతి మలుపులోనూ పెద్ద మేడం ఎదురయ్యేవారు.

మొదట ఆమెను చూసింది కోరుట్ల దగ్గరి బడిలో. అప్పుడు ఆమె అక్కడ ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలంతా పెద్ద మేడం అనేవారు కాబట్టి నేనూ అలాగే అన్నాను. నేను ఫోన్లు పంచి, ఎలా వాడాలో చెప్పి, గర్వంగా వెనక నిలబడ్డాను. తప్పు జవాబు ఇస్తే ఫోను ఒక మోత మోగేది. దాన్ని మేం చాలా ఇష్టంగా ఎంచుకున్నాం. ఒక పిల్లవాడి ఫోను మోగింది, తరగతంతా తిరిగి చూసి నవ్వింది. మళ్ళీ మోగింది, మళ్ళీ నవ్వారు. వాడు ఫోనును చొక్కా కింద దాచుకున్నాడు. మేడం నా దగ్గరికి వచ్చి, పిల్లలకు వినపడకుండా అన్నారు.

"ఎవ్వలు తప్పు చేసిన్రో ఊరంతటికి డప్పు కొట్టి చెప్పాల్నా? నువ్వు సదువుకునేటప్పుడు నీ తప్పులకు గిట్లనే బ్యాండు పెట్టిన్రా?"

మోత తీసేశాను. ఆ తర్వాత ఎర్ర ఇంటూ గుర్తు తీసేయమన్నారు. తీసేశాను. పాఠం చెప్పే ఆడగొంతు మరీ రేడియోలో వార్తలు చదివినట్టు ఉందన్నారు. మార్చాను. మార్చిన గొంతు మరీ చనువుగా ఉందన్నారు. ఆ రోజు బస్టాండు దాకా నాలో నేను గొణుక్కుంటూ నడిచాను.

ఇంకోసారి శుక్రవారాల గొడవ. వారంలో మిగతా రోజులు ఇంటి పాఠం బాగానే చేస్తున్న పిల్లలు శుక్రవారం ఎవరూ తెరవడం లేదు. నెట్‌వర్క్ అనుకుని నేను టవర్ల వెంట పడ్డాను, ఎవరెవరికో ఉత్తరాలు రాశాను. చివరికి మేడానికి చెబితే ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"జగిత్యాల్ల పుట్టి గిది తెల్వదా బిడ్డా? మనకు ఐతారం సెలవైతే దుబాయోళ్ళకు శుక్రారం. ఆడికెల్లి నాయిన ఫోన్ల ఉండంగ పోరడు లెక్కలు చేస్తడా? శుక్రారం హోంవర్క్ బంద్ పెట్టు."

మా అన్న మస్కట్‌లోనే ఉన్నాడు. ప్రతి శుక్రవారం మా అమ్మ ఫోను వదలదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండింది.

ఆమె మెసేజీలు రాసేవారు కాదు. అన్నీ వాయిస్‌లే. "ఆ, ఇంటున్నవా?" అని మొదలుపెట్టేవారు, నేను ఎదురుగా ఉండి జవాబు చెప్పేదాన్నన్నట్టు కాసేపు ఆగేవారు కూడా. మధ్యలో బడి గంట, పక్కన ఆటో హారను, ఎవరినో "ఏయ్, బెంచీ దిగు" అని గదమాయించడం. వాటి నడుమ నా పనికి పనికొచ్చే ముక్క ఎక్కడో ఉండేది, దాని కోసం మొత్తం వినాలి. ఫోన్లను సుద్దముక్కల పెట్టెలో పేర్చి, ఒక్కోదాన్ని చీర కొంగుతో తుడిచి పిల్లల చేతికి ఇచ్చేవారు. తుడిచేటప్పుడు ఏదో ఒకటి నొక్కుకుపోయి పాఠం మారిపోయేది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆ కొంగు వల్లే వచ్చేవి. ఆ మాట చెబితే, "అట్లైతే కొంగు తాకితె మారకుంట చెయ్యి" అనేవారు. చేశాను కూడా.

తర్వాత ఆమెకు సిరిసిల్లకు బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె వెళ్ళిన నెల తిరక్కుండానే మా సంస్థ సిరిసిల్లను కూడా జాబితాలో చేర్చింది.

అవి సిరిసిల్లలో సాంచాలు ఆగిపోతున్న రోజులు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మేడం బడి నేత కార్మికుల వాడలో ఉంది. ఆర్డర్లు లేక ఒక్కో షెడ్డు మూతపడితే ఒక్కో కుటుంబం మూట కట్టుకుని, సాంచాలు ఇంకా నడిచే భివండికి బస్సెక్కేది. అక్కడ పని ఉన్నన్నాళ్ళు ఉండి, లేనప్పుడు తిరిగి వచ్చేది. పిల్లలు వాళ్ళ వెంటే పోయి వాళ్ళ వెంటే వచ్చేవారు. మా ఫోను పాఠాలకు ఇది కుదరదు. కొంతకాలం ఎవరూ తెరవకపోతే ఆ పేరు దానంతట అదే పోతుంది, ఆ స్థానం ఇంకో పిల్లకు ఇస్తారు. ఖాళీ పేర్లుంటే నివేదికలు బాగుండవని మా పైవాళ్ళు పెట్టిన నియమం అది.

నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. లెక్కలంటే భయం, కానీ వదిలిపెట్టేది కాదు. అప్పు తీసుకునే తీసివేతల దగ్గర ఉండగా ఇంట్లో వాళ్ళతో భివండి పోయింది. కొద్దిరోజుల్లో పేరు పోతుందని ఫోను బడికి హెచ్చరిక పంపింది. మేడం నుంచి వెంటనే ఫోను. వాయిస్ కాదు, నేరుగా ఫోనే.

"పేరు తీసుడేంది? పోయిందంటె సచ్చిందా? బీమండికి పోయింది. మళ్ళ అస్తది."

"మేడం, మిషన్‌కు గది తెల్వదు."

"దానికి తెల్వకుంటె నీకు తెల్వాలె గదా!"

పైవాళ్ళను అడిగాను. ఒక్క బడి కోసం నియమం మార్చలేమన్నారు. ఆ సంగతీ, ఎవరో ఒకరు తెరుస్తుంటేనే పేరు ఉంటుందన్న సంగతీ మేడానికి చెప్పాను. విచిత్రం, ఆమె తిట్టలేదు. "సరే" అన్నారు. ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పాప పేరు పోలేదు. రోజూ పాఠం తెరుచుకుంటోంది, రోజూ లెక్కలు అవుతున్నాయి, అన్నీ ఒప్పులే. భివండిలో తల్లి ఫోన్లో చేస్తోందనుకున్నాం. వలస పోయినా చదువు ఆగలేదని మా సమావేశంలో అందరూ మురిసిపోయారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

భివండిలోనూ పని తగ్గి ఆ కుటుంబం తిరిగి వచ్చింది. పాప బడికి వచ్చింది, ఫోను పేరు పెట్టి పిలిచింది, పాప మురిసిపోయింది. ఆ వెంటనే ఫోను పెద్ద పెద్ద భాగహారాలు ఇచ్చింది. పాప ఒకటి ప్రయత్నించింది, రాలేదు. ఇంకోటి ఇచ్చింది, రాలేదు. సులువు లెక్కలకు దిగి రావడానికి ఆ ఫోను చాలా సమయం తీసుకుంటుంది, ఒకసారి తప్పితే పొరపాటు అనుకుంటుంది. పాప ఫోనును మెల్లగా పెట్టెలో పెట్టేసి కూర్చుంది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మేడం నన్ను రమ్మన్నారు.

జగిత్యాల నుంచి సిరిసిల్లకు బస్సు. కొండగట్టు దగ్గర సగం జనం ఎక్కారు, వేములవాడ దాకా నా ఒళ్ళో ఎవరిదో ప్రసాదం సంచి. దిగేసరికి నాకు ఎవరినైనా తిట్టాలని ఉంది. బడికి వెళ్ళి పాప పేరు మీద ఉన్న పనంతా తెరిచి చూశాను. అన్నీ మధ్యాహ్నం అన్నం బెల్లు వేళ చేసినవే. ఒక్క తప్పు లేదు. భివండిలో ఏ పిల్లా ఇలా చేయదు, అసలు ఏ పిల్లా ఎక్కడా ఇలా చేయదు.

"మేడం, ఇవి ఎవ్వలు చేసిన్రు?"

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేనే."

"ఎందుకు?"

"నువ్వు పేరు తీసేస్తనంటివి గదా. ఎవ్వలో ఒకలు తెరిస్తె పోదంటివి. తెరిచిన."

"తెరిస్తె తెరిచిన్రు మేడం, అన్ని రైట్ ఎందుకు కొట్టిన్రు? నడుమ నడుమ కొన్ని తప్పులన్న చేయకపోయిన్రా! అది మీరు చేసిన లెక్కలు చూసుకొని పాపను పైకి ఎక్కిచ్చింది!"

"ఇన్నేండ్ల సంది లెక్కలు చెప్తున్న. తెలిసి తెలిసి తప్పెట్ల కొడ్తనే? నాకు చెయ్యి రాలె."

నేను తల పట్టుకున్నాను. నాకు ఆమె మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ఇష్టమూ ఎప్పుడూ కలగలేదు. రెండూ ఒకేసారి రావడంతో ఏం చేయాలో తోచక నీళ్ళు తాగాను.

ఇద్దరం పాప ఇంటికి వెళ్ళాం. తల్లి గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే పాప కత్తెరతో ఆకు కత్తిరిస్తోంది. ఆ వయసుకు చెయ్యి మరీ బాగా తిరిగింది.

"నాకేం రాదు, బడికి పోను అంటుంది మేడం," అంది తల్లి. "బీడీలు నేర్సుకుంటదట. నేనేం అనలె."

మేడం చెప్పులు విప్పి, వెళ్ళి పాప పక్కన నేల మీద కూర్చున్నారు.

"గా లెక్కలు నీయి కావు బిడ్డా. నేను చేసిన. నీ ఫోన్‌ను నేనే ఖరాబ్ చేసిన."

పాప కత్తెర ఆపింది. "మీరెందుకు చేసిన్రు మేడం?"

"నీ జాగ పోవద్దని."

"అంటె నాకు రాదని కాదా?"

"నీకు చెప్పని లెక్క నీకెట్ల అస్తది?"

పాప కత్తెర కింద పెట్టింది. తల్లే అంది. "మళ్ళ పోవుడే మేడం మేము. ఈడ సాంచాలు నడుస్తలేవు. పోతె మళ్ళ పేరు పోతది, అస్తె మళ్ళ గిదే కథ. దానికెందుకు గీ తిప్పలు?"

మేడం నా వైపు తిరిగారు. "చెప్పు" అన్నారు.

నేను ఎవరినీ అడగలేదు. "పోదు" అన్నాను. "ఇగ ఎన్నడు పోదు."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆఫీసులో నేను చేసిన రభస ఇక్కడ రాయను. సమావేశంలో చప్పట్లు అందుకున్న ఆ లెక్కలన్నీ ఒక ప్రధానోపాధ్యాయురాలు అన్నం తినడం మానుకుని చేసినవని చెప్పాను. బయటికి పొక్కితే నవ్వులపాలవుతామన్న భయంతో ఒప్పుకున్నారు, అర్థమై ఒప్పుకోలేదు. ఏమైతేనేం, ఇప్పుడు మా పాఠాల్లో ఒక పిల్ల ఊరు పోతే టీచరు 'ఊరికి పోయింది' అని గుర్తు పెట్టవచ్చు. పేరు ఉంటుంది, స్థానం ఉంటుంది. వెళ్ళేముందు బడిలోనే పాఠాలు తల్లి ఫోన్లోకి ఎక్కించి పంపవచ్చు, అక్కడ నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. తిరిగి వచ్చిన రోజు ఫోను ప్రశ్నలేవీ అడగదు. ఆ పిల్ల తన చేత్తో చివరగా చేసిన లెక్క చూపిస్తుంది, అక్కడి నుంచి మెల్లగా నడుస్తుంది. మేడానికి ఇదంతా చూపించి, ఒక మంచి మాట వస్తుందని ఎదురు చూశాను.

"ముందే గిట్ల చేస్తె ఏమయ్యేది?" అన్నారు.

పాప మళ్ళీ బడికి వచ్చింది. తీసివేతలు దాటింది, గుణకారాలు దాటింది. కిందటి వేసవిలో ఆ కుటుంబం మళ్ళీ భివండి పోయింది. ఈసారి తల్లి ఫోన్లో పాఠాలున్నాయి. మేడం ఇంకో ఏర్పాటు కూడా చేశారు, నాకు చెప్పకుండానే. ఫోను ఒప్పు అన్నా నమ్మవద్దనీ, కాగితం మీద చేసి వీడియో ఫోన్లో తనకే చూపించాలనీ పాపకు చెప్పి పంపారు. మా ఫోను మీద ఆమెకు ఎంత నమ్మకమో దీన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి.

మేడం దినాల నాడు కోరుట్ల వెళ్ళాను. ముందుగదిలో దండ వేసిన ఫొటో. అందులో ఆమె నన్నే తప్పు పడుతున్నట్టున్నారు. భోజనాలు నడుస్తుండగా వాళ్ళాయన ఆమె ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "వీడియో ఫోన్ అస్తుంది బిడ్డా. నీ పనికి సంబంధించిందో ఏమో, జర చూడు" అని నా చేతిలో పెట్టి, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారు.

పాప. నాన్నకు అన్నం పట్టుకొచ్చినట్టుంది, మగ్గాల షెడ్డులో నిలబడి ఉంది. వెనక సాంచాలన్నీ నడుస్తున్నాయి, ఆ మోతలో ఒక్క మాట వినపడదు. నన్ను చూసి నవ్వింది, నా వెనక మేడం కోసం తల అటూ ఇటూ వంచి చూసింది. కబురు వాళ్ళకు ఎవరూ చేరవేయలేదు. ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని ఫోన్లున్నాయి, ఒక్కరికీ తట్టలేదు.

"మేడం లేరు బిడ్డా" అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడట్లేదని సైగ చేసింది. "మేడం పోయిన్రు" అని అరిచాను. భోజనాల దగ్గర అందరూ తిరిగి చూశారు. ఏం విన్నదో, పాప అర్థమైనట్టు తల ఊపింది, జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి కెమెరా ముందు పెట్టింది. ఒక పొడుగాటి భాగహారం. అంకెలన్నీ తిన్నగా ఒకదాని కింద ఒకటి దించుకుంటూ వచ్చింది, చిట్టచివర శేషం మాత్రం తప్పు రాసింది. కాగితం వెనక పాప ముఖం కనపడటం లేదు. అంచుల దగ్గర రెండు చేతుల వేళ్ళు, సాంచాల అదురుకు సన్నగా వణుకుతున్న కాగితం. ఎంతసేపైనా దించడం లేదు.